కమాను కట్ట నుండి నత్రజని స్తంభం దాకా

ఎద్దుబండికి కమానులు లేవు. చక్రం రాతిమీదికి ఎక్కి దిగినప్పుడు ఆ దెబ్బ ఇరుసుకు, ఇరుసునుండి బండికి, బండినుండి అందులో కూర్చున్నవాని వెన్నుకు నేరుగా చేరుతుంది. బండి నడక నెమ్మది కాబట్టి మనిషి దానిని ఓర్చుకొన్నాడు. గుర్రం పరుగెత్తే జట్కాకు ఆ ఓర్పు చాలలేదు. అందుకే జట్కా ఇరుసుకూ పెట్టెకూ మధ్య ఉక్కు కమానులు వచ్చి చేరినవి. మోటారు లారీ వచ్చిన తరువాత కూడా అవే కమానులు లావెక్కి, పొరలు పెరిగి, దాని బరువును మోస్తూ వచ్చినవి.

ఉపరితల బొగ్గుగనిలో తిరిగే డంపరు ఈ వరుసలో చివరిది, అన్నిటికంటె భారమైనది. నూరు టన్నుల బొగ్గునో, రాతినో వీపున వేసుకొని, గుంతలతో నిండిన మట్టిబాటను ఎక్కుతుంది. దించిన తరువాత ఖాళీగా, మరింత వేగంగా, అదే బాటను దిగుతుంది. ఇది రోజుకు మూడు షిఫ్టులూ సాగే పని. ఇంత బరువును మోసే యంత్రానికి ఎంత లావు ఉక్కు కమానులు ఉండవలెనో అని ఎవరైనా వంగి చూస్తే, అక్కడ కమాను ఒక్కటికూడా కనబడదు. చక్రానికొకటి చొప్పున నున్నని ఉక్కు స్తంభాలు మాత్రం ఉంటాయి. ఆ స్తంభాల లోపల ఉన్నవి రెండే పదార్థాలు: కొంత నూనె, కొంత నత్రజని. గాలిలో అయిదింట నాలుగు వంతులుగా ఉన్న ఆ సామాన్య వాయువే వందల టన్నులను మోస్తున్నది.

ఉక్కు చేయలేని పనిని వాయువు ఎట్లా చేయగలిగినది? ఆ మార్పువలన డంపరును కాపాడే ఫిట్టరు పనిలో ఏమి మారినది? ఈ రెండు ప్రశ్నలకు జవాబే ఈ స్తంభాల చరిత్ర.

ఉక్కు కమానుల కాలం

కమాను పనిచేసే తీరును మొట్టమొదట సూత్రంగా చెప్పినవాడు ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్టు హుక్. స్ప్రింగుపై వేసిన బరువు ఎంత పెరిగితే దాని సాగుదల అదే నిష్పత్తిలో పెరుగుతుందని అతడు 1678లో ప్రకటించాడు. ఉన్నత పాఠశాల విద్యార్థులందరికీ తెలిసిన సూత్రమే ఇది. ఒక కిలో బరువుకు ఒక సెంటీమీటరు సాగే స్ప్రింగు రెండు కిలోలకు రెండు సెంటీమీటర్లు సాగుతుంది. అంటే స్ప్రింగు బిరుసుదనం మొదటినుండి చివరిదాకా ఒక్కటే.

ఈ గుణాన్ని బండ్లకు చక్కగా వినియోగించినవాడు లండనులో బగ్గీలు కట్టే ఒబడయా ఇలియట్. పలుచని ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి, వంచి, రెండు విల్లులను ఎదురెదురుగా కలిపినట్లు ఉండే కమానుకు అతడు 1804లో పేటెంటు పొందాడు. తరువాత రైలుపెట్టెలకు, మోటారు కార్లకు, లారీలకు ఈ పట్టీల కట్టయే ఆధారమైనది. దీనిలో మరొక సౌకర్యం కూడా ఉన్నది. కట్ట వంగినప్పుడు పట్టీలు ఒకదానిపై ఒకటి జారుతూ ఒరుసుకొంటాయి. ఆ ఘర్షణవలన బండి ఊగు కొంతసేపటికి తగ్గిపోతుంది.

కాని ఉక్కుకు కూడా అలసట ఉన్నది. ఒక్కసారి వేస్తే సులభంగా మోయగల బరువునే లక్షలసార్లు వేసి తీస్తూ ఉంటే, లోహంలో సన్నని పగులు పుట్టి, క్రమంగా పెరిగి, ఒకనాడు అకస్మాత్తుగా విరుగుతుంది. రైలు ఇరుసులు ఇట్లా విరగడాన్ని జర్మనీలో ఆగస్టు వోలర్ 1850లు, 60లలో ప్రయోగాలు చేసి పరిశీలించాడు. లారీ కమాను పట్టీలు విరగడానికి కారణం కూడా ఇదే. అయితే ఆ విరుగుడులో ఒక మేలు ఉన్నది. పట్టీ విరిగితే లారీ ఒకవైపు ఒరుగుతుంది. దారిన పోయేవాడు కూడా దానిని చూచి డ్రైవరుకు చెప్పగలడు.

గనిబాటలో వచ్చిన చిక్కు

1930లలో అమెరికాలో పెద్ద ఆనకట్టల నిర్మాణం, లోహపు గనుల తవ్వకం ముమ్మరమైనవి. 1931లో పని మొదలైన హూవర్ ఆనకట్టవద్ద రాతినీ మట్టినీ తరలించడానికి ఎక్కువగా రహదారి లారీలనే మరింత గట్టిచేసి వాడుకొన్నారు. కాని పారల యంత్రాలు పెద్దవైనకొద్దీ రహదారి లారీ ఆ పనికి తగదని స్పష్టమైనది. ఒహాయో రాష్ట్రంలోని యూక్లిడ్ సంస్థ 1934లో రహదారి ప్రసక్తి లేకుండా కేవలం తవ్వకపు చోట్ల తిరగడానికే ఒక బండిని తయారుచేసినది. నేటి డంపర్లకు అది పూర్వీకురాలు.

బండి మారినా కమాను సమస్య తీరలేదు. ఆ సమస్యను ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. 35 టన్నుల సరుకు మోసే ఒక డంపరు ఖాళీ బరువు 30 టన్నులనుకొంటే, అందులో ఇంచుమించు 16 టన్నులు వెనుక ఇరుసుపై ఉంటుంది. సరుకు నింపినప్పుడు మొత్తం బరువు 65 టన్నులు. అందులో మూడింట రెండు వంతులు, అనగా సుమారు 43 టన్నులు, వెనుకకు చేరుతుంది. చక్రాల బరువు, ఇరుసు బరువు నేరుగా నేలమీదనే ఉంటాయి, కమానులపై పడవు. ఆ బరువును రెండింటినుండీ తీసివేస్తే, నిండు డంపరులో వెనుక కమానులు మోసేది ఖాళీ డంపరులో మోసేదానికి మూడు రెట్లో, అంతకంటె ఎక్కువో అవుతుంది.

హుక్ సూత్రం ఇక్కడ అడ్డువస్తుంది. నిండు బరువుతో గుంతలో పడినప్పుడు కూడా అడుగంటకుండా ఉండేంత గట్టి కమాను పెడితే, ఖాళీగా తిరిగివచ్చేటప్పుడు అది వంగదు. బండి ఎద్దుబండివలె ఎగిరిపడుతుంది. ఖాళీ బండికి మెత్తగా ఉండే కమాను పెడితే, సరుకు నింపగానే అది అడుగంటి, ప్రతి దెబ్బనూ చట్రానికి అందిస్తుంది. డంపరు తన జీవితంలో సగం దూరం నిండుగా, సగం దూరం ఖాళీగా తిరిగేదే. ఏ సగాన్ని కాపాడాలన్నా రెండవ సగాన్ని వదులుకోవలసి వచ్చినది.

కొందరు ఇంజనీర్లు ఈ చిక్కును విడదీయడం మాని, వెనుక కమానులనే వదిలివేసినారు. 1950ల మొదట్లో సోవియట్ దేశంలోని మిన్స్క్ నగరంలో తయారైన మాజ్-525 అనే 25 టన్నుల డంపరుకు వెనుక ఇరుసును చట్రానికి నేరుగా బిగించినారు. దెబ్బలను ఓర్చుకొనే భారమంతా మనిషి ఎత్తు ఉన్న దాని టైర్లపైనే పడినది. టైరులోని గాలి కొంత మెత్తదనాన్ని ఇచ్చినమాట నిజమే. కాని టైరు ఎగిరి పడుతూనే ఉంటుంది, తన ఊగును తాను త్వరగా ఆపుకోలేదు. మిగిలినదంతా చట్రమూ డ్రైవరు వెన్నూ భరించవలసినదే.

ఫిరంగి నేర్పిన పాఠం

ఈ చిక్కుకు పరిష్కారం గనులలో పుట్టలేదు. అది యుద్ధభూమినుండి ఆకాశానికి, ఆకాశంనుండి గనికి వచ్చినది.

ఫిరంగి పేలినప్పుడు గుండు ముందుకు పోతుంది, ఫిరంగి వెనుకకు తన్నుకొంటుంది. పూర్వం ప్రతి దెబ్బకూ ఫిరంగి వెనుకకు దొర్లేది. సైనికులు దానిని మళ్ళీ తోసి, గురి సరిచేసి, అప్పుడు మరొక గుండు కాల్చేవారు. 1897లో ఫ్రెంచి సైన్యం స్వీకరించిన 75 మిల్లీమీటర్ల ఫిరంగి ఈ పద్ధతిని మార్చినది. దానిలో గొట్టం మాత్రమే వెనుకకు జారుతుంది. జారుతూ ఒక పిస్టను ద్వారా నూనెను ఇరుకు దారులగుండా నెట్టుతుంది. ఆ నూనె అవతల బంధించిన గాలిని అదుముతుంది. ఇరుకు దారిలో నూనె పడిన శ్రమవలన తన్ను శక్తిలో అధికభాగం వేడిగా మారిపోతుంది. అదిమిన గాలి తిరిగి వ్యాకోచించి గొట్టాన్ని మెల్లగా మునుపటి చోటికి చేరుస్తుంది. ఫిరంగి బండి మాత్రం కదలదు.

ఇక్కడ రెండు పనులు వేరువేరుగా కనబడుతున్నాయి. దెబ్బ శక్తిని దాచి తిరిగి ఇచ్చేది గాలి. ఆ శక్తిని తినివేసేది నూనె. మొదటిది స్ప్రింగు పని, రెండవది ఊగును ఆపే పని. రెండూ ఒకే గొట్టంలో ఇమిడినవి.

విమానం నేలకు దిగేటప్పుడు దాని కాళ్ళపై పడే దెబ్బ కూడా ఇటువంటిదే. మొదటి ప్రపంచ యుద్ధకాలానికే ఇంజనీర్లు ఫిరంగిలోని ఏర్పాటును విమానపు కాళ్ళలో అమర్చడం ప్రారంభించారు. తరువాతి కాలంలో నూనె, వాయువు కలిసిన కాలు విమానాలకు సర్వసాధారణమైనది. 1954, 55 సంవత్సరాలలో ఫ్రాన్సుకు చెందిన సిట్రోయెన్ సంస్థ ఇదే తత్వాన్ని కార్లలోకి తెచ్చినది. ఆ కారులో చక్రానికొక ఉక్కు గోళం, ఆ గోళంలో నత్రజని ఉండేవి.

వాయువుకు ఉన్న ప్రత్యేకత ఏమిటో 1662లో రాబర్టు బాయిల్ ప్రకటించిన సూత్రమే చెబుతుంది. ఉష్ణోగ్రత మారకుండా ఉన్నప్పుడు వాయువు ఘనపరిమాణం సగమైతే దాని పీడనం రెట్టింపవుతుంది. దీనిని సైకిలు పంపుతో ఎవరైనా పరీక్షించవచ్చు. పంపు మూతిని వేలితో గట్టిగా మూసి పిడిని నొక్కితే, మొదట సులభంగా దిగుతుంది. చివరకు వచ్చేసరికి, బలమంతా ఉపయోగించినా కొద్దిపాటి కూడా కదలదు. ఉక్కు స్ప్రింగు మొదటినుండి చివరిదాకా ఒకే బిరుసుతో ఉంటుంది. వాయువు మాత్రం తేలిక బరువుకు మెత్తగాను, పెనుబరువుకు గట్టిగాను తనంతట తానే మారుతుంది. డంపరుకు కావలసినది సరిగా ఈ గుణమే.

డంపరుకు వాయువు వచ్చిన వేళ

ఈ గుణాన్ని గనిబండికి అమర్చి, బండి రూపాన్నే మార్చినవాడుగా అమెరికా ఇంజనీరు రాల్ఫ్ క్రెస్ పేరు చెప్పుకొంటారు. ఇల్లినాయి రాష్ట్రంలోని పియోరియా నగరంలో లెటూర్నో-వెస్టింగ్‌హౌస్ సంస్థ తరపున ఆయన రూపొందించిన హాల్‌పాక్ డంపరు 1957లో వెలువడినది. దాని తొట్టి అడుగు పల్లంగా ఉండి సరుకు బరువును క్రిందికి దించినది. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం తగ్గించడంవలన ఇరుకు మలుపులలో తిరగడం సులభమైనది. అన్నిటికంటె ముఖ్యంగా, దానిలో ఉక్కు కమానులకు బదులు నూనె, వాయువు గల సిలిండర్లు ఉన్నవి.

క్రెస్ 1962లో కాటర్‌పిల్లర్ సంస్థలో చేరాడు. ఆ సంస్థ తొలి గనిడంపరు, 35 టన్నుల 769, 1963లో బయటికి వచ్చినది. దానికీ ఇటువంటి సిలిండర్లే. అదే కాలంలో భూగోళానికి అవతలివైపు కూడా ఇదే దారి పట్టినారు. మాజ్-525 తయారీ 1958లో బెలారుస్‌లోని జోదినో పట్టణానికి మారినది. అక్కడి కర్మాగారం 1961లో తయారుచేసిన 27 టన్నుల బెలాజ్-540 నమూనాలో బిగుసుకొన్న వెనుక ఇరుసు మాయమై, నూనె, వాయువు గల సిలిండర్లు వచ్చినవి. ఆ బండిని తీర్చిన బృందానికి నాయకుడు జల్మాన్ సిరోత్కిన్.

వాయువుకు పోటీ లేకపోలేదు. 1960లలో టల్సా నగరంలోని యూనిట్ రిగ్ సంస్థ తన లెక్ట్రాహాల్ డంపర్లలో రబ్బరు దిమ్మెలను పేర్చి వాడినది. రబ్బరుకు కారిపోవడం అనే బెడద లేదు. కాని అది కాలంతోపాటు గట్టిపడుతుంది. చివరకు అధిక సంఖ్యాకమైన డంపర్లలో నూనె, నత్రజని సిలిండరే స్థిరపడినది. 1998లో ప్రకటించిన కాటర్‌పిల్లర్ 797, 2013లో వచ్చిన 450 టన్నుల బెలాజ్-75710 కూడా ఆ సిలిండర్లమీదనే నిలిచినవి. బెలాజ్-75710 నిండినప్పుడు మొత్తం బరువు 810 టన్నులు.

భారతదేశంలో 1964లో బెంగుళూరు కేంద్రంగా భారత్ ఎర్త్ మూవర్స్ సంస్థ ఏర్పడినది. తరువాత దాని మైసూరు కర్మాగారంలో గనిడంపర్లు తయారవుతూ వచ్చినవి. 1970ల మధ్యలో సింగరేణి గనులలో ఉపరితల తవ్వకం మొదలైన తరువాత గోదావరి తీరపు బొగ్గుబాటలకు కూడా డంపర్లు వచ్చినవి. 35 టన్నులు, 60 టన్నులు, 100 టన్నులు అంటూ అవి పెరుగుతూ పోయినవి. రామగుండం, మణుగూరు ప్రాంతాలలో డంపరు అనే మాట ఇంటింటి మాట అయినది. ఆ వర్కుషాపులలో ఫిట్టరుకు కొత్త పని కూడా దానితోనే వచ్చినది.

సిలిండరు లోపల

సిలిండరు నిర్మాణం చూడడానికి సులభం. ఒక లావు ఉక్కు గొట్టం, దానిలో పైకీ క్రిందికీ జారే మరొక కడ్డీ. కడ్డీ బయటికి కనబడే భాగానికి అద్దంవలె మెరిసే క్రోమియం పూత ఉంటుంది. సిలిండరు అడుగున నూనె, నూనెపైన నత్రజని. బండి గుంతలో పడగానే కడ్డీ లోనికి దూరి నత్రజనిని అదుముతుంది. ఆ సమయంలో నూనె రంధ్రాలగుండా ఒక గదిలోనుండి మరొక గదిలోనికి పోతుంది. కడ్డీ లోనికి పోయేటప్పుడు కొన్ని రంధ్రాలలోని ఉక్కు గోళీలు తొలగి దారి విశాలమవుతుంది. కడ్డీ తిరిగి బయటికి వచ్చేటప్పుడు ఆ గోళీలు దారిని మూసివేస్తాయి. మిగిలిన సన్నని రంధ్రాలగుండా నూనె మెల్లగా రావలసి ఉంటుంది. అందువలన బండి దెబ్బను త్వరగా తీసుకొంటుంది, కాని తిరిగి ఎగిరిపడదు.

అనేక డంపర్లలో ముందు సిలిండరుకు ఇంకొక బాధ్యత కూడా ఉన్నది. చక్రం ఆ కడ్డీకే అమరి ఉండి, స్టీరింగు తిప్పినప్పుడు కడ్డీతోపాటు తిరుగుతుంది. అంటే లోపలి సీళ్ళు పైకీ క్రిందికీ జరిగే కదలికనే కాక గుండ్రంగా తిరిగే కదలికను కూడా ఓర్చుకోవలెను. కడ్డీపై గీత పడినా, దుమ్ము పేరుకొని గట్టిపడినా, ముందుగా నశించేవి సీళ్ళే. వెల్డింగు చేసేటప్పుడు నిప్పురవ్వ కడ్డీపై పడకుండా కప్పడం, మట్టిని తుడవడం, చివరల ఉన్న పిన్నులకు గ్రీజు అందుతున్నదో లేదో చూడడం అల్పమైన పనులుగా కనబడినా, సిలిండరు ఆయుర్దాయం వాటిమీదనే ఆధారపడి ఉన్నది.

కంటికి కనబడని లోపం

విరిగిన కమాను దారిన పోయేవానికి కూడా కనబడుతుంది. నత్రజని పోతే ఎవరికీ కనబడదు. దానికి రంగు లేదు, వాసన లేదు, నేలపై మరక ఉండదు. డంపరు నడుస్తూనే ఉంటుంది. ఉక్కునుండి వాయువుకు మారడంలో ఇంజనీర్లు ఒక గొప్ప లాభాన్ని పొందినారు, ఒక హెచ్చరికను కోల్పోయినారు. ఆ హెచ్చరిక స్థానంలో నిలిచినది కొలత.

ఖాళీ బండిని చదునైన నేలపై నిలిపి, బయటికి కనబడే కడ్డీ పొడవును బద్దతో కొలిచి, తయారీదారు ఇచ్చిన అంకెతో పోల్చడం ఈ కొలతలో మొదటి మెట్టు. సీళ్ళ ఒరుపువలన కడ్డీ ఎక్కడైనా పట్టుకొని ఉండవచ్చు. కాబట్టి బండిని కొంతదూరం నడిపి, మెల్లగా ఆపి, మళ్ళీ కొలిచి, సగటు తీయవలెను. కుడి ఎడమల పొడవులు సమానంగా ఉండవలెను.

పొడవు తక్కువగా ఉన్నది. అప్పుడు ఏమి చేయవలెను? నత్రజని తగ్గినది కాబట్టి కొంత నత్రజని ఎక్కించితే చాలునని ఎవరికైనా తోచును. గనుల వర్కుషాపులలో పదేపదే జరిగే పొరపాటు ఇదే. ఇది ఎందుకు పొరపాటో బాయిల్ సూత్రంతో లెక్క వేయవచ్చు.

ఒక వెనుక సిలిండరులో, బండి ఖాళీగా ఉన్నప్పుడు, నూనెపైన ఉన్న నత్రజని స్తంభం ఎత్తు 24 సెంటీమీటర్లనుకొందురు గాక. అక్కడినుండి అడుగంటేదాకా కడ్డీ దిగడానికి 20 సెంటీమీటర్ల చోటు ఉన్నది. సరుకు నింపగా సిలిండరుపై బరువు మూడు రెట్లయినది. నత్రజని స్తంభం మూడింట ఒక వంతుకు, అనగా 8 సెంటీమీటర్లకు తగ్గుతుంది. కడ్డీ 16 సెంటీమీటర్లు దిగినది. గుంతల దెబ్బలను తీసుకోవడానికి ఇంకా 4 సెంటీమీటర్లు మిగిలినవి. ఆ నాలుగులో రెండు సెంటీమీటర్లు దిగగానే స్తంభం 6కు తగ్గి, పీడనం మరొక మూడో వంతు పెరుగుతుంది. బండి క్షేమంగా ఉన్నది.

ఇప్పుడు సీలు పాడై, 9 సెంటీమీటర్ల ఎత్తు నూనె కారిపోయినదనుకొంటే, కడ్డీ పొడవు తగ్గుతుంది. ఫిట్టరు నూనెను చూడకుండా నత్రజని మాత్రం ఎక్కించి పొడవును సరిచేస్తాడు. బయటి కొలత మునుపటిదే. కాని లోపల నూనె ఉండవలసిన చోట కూడా వాయువే ఉన్నది. స్తంభం ఎత్తు 24 కాదు, 33. సరుకు నింపగా అది 11కు తగ్గవలెను. అంటే కడ్డీ 22 సెంటీమీటర్లు దిగవలెను. ఉన్న చోటు 20 మాత్రమే. తొట్టి పూర్తిగా నిండకముందే సిలిండరు అడుగంటినది. ఇక బాట మీది ప్రతి గుంతా సమ్మెటదెబ్బగా చట్రాన్ని తాకుతుంది. కాగితంమీద కొలత సరిగా ఉన్నది, బండి మాత్రం చెడుతున్నది.

నూనె ఎక్కువైతే దీనికి విరుద్ధం. వాయువుకు చోటు తగ్గి, స్తంభం 15 సెంటీమీటర్లే అయితే, నిండు బరువుకు కడ్డీ 10 సెంటీమీటర్లు మాత్రమే దిగుతుంది. బండి కర్రదుంగవలె బిరుసుగా నడుస్తుంది.

అందుచేత సరియైన పద్ధతి ఒక్కటే. చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, బండి క్రిందికి దిగినప్పుడు ఎవరూ దాని క్రింద లేకుండా చూచుకొని, నత్రజనినంతా మెల్లగా వదిలి, కడ్డీని తయారీదారు చెప్పిన మట్టానికి దించవలెను. ఆ స్థితిలో బుడగలు పోయేదాకా నూనెను నిర్ణీత మట్టానికి నింపవలెను. ఆ తరువాతనే నత్రజనిని ఎక్కించి, కుడి ఎడమ సిలిండర్లను నిర్ణీత పొడవుకు తేవలెను. ముందు నూనె, తరువాత వాయువు. కొత్తగా ఎక్కించిన నత్రజనిలో కొంత నూనెలో కరుగుతుంది కాబట్టి, కొంతకాలం నడిచిన తరువాత కొలత మళ్ళీ తీయవలెను.

ఎండకూడా ఈ కొలతను మార్చుతుంది. తెల్లవారుజామున 27 డిగ్రీల వద్ద ఉన్న సిలిండరు, పనిలో వేడెక్కి 57 డిగ్రీలకు చేరినదనుకొంటే, పరమ ఉష్ణోగ్రత 300 నుండి 330కి పెరిగినది. అదే బరువు క్రింద 24 సెంటీమీటర్ల స్తంభం 26.4 సెంటీమీటర్లవుతుంది. ఉదయపు కొలతను మధ్యాహ్నపు కొలతతో పోల్చి నత్రజనిని వదలడమో ఎక్కించడమో చేసినవాడు లేని రోగానికి మందు వేసినవాడవుతాడు.

నత్రజనియే ఎందుకు?

గాలి ఉచితంగా దొరుకుతుండగా నత్రజనిని సిలిండర్లలో కొని తేవడం ఎందుకని విద్యార్థి అడగవచ్చు. గాలిలో అయిదవ వంతు ఆక్సిజను ఉన్నది. డీజిల్ ఇంజనులో గాలిని గట్టిగా అదిమినప్పుడు పుట్టే వేడికే నూనె అంటుకొంటుంది. సస్పెన్షన్ సిలిండరులోనూ నూనె ఉన్నది, అదిమిన వాయువు ఉన్నది. అందులో ఆక్సిజను కూడా ఉంటే పేలుడుకు కావలసినవన్నీ సమకూరినట్లే. నత్రజని మంటకు తోడుపడదు. పొడిగా ఉంటుంది కాబట్టి లోపల త్రుప్పు పట్టనీయదు.

వర్కుషాపులో వెల్డింగుకోసం ఆక్సిజను సిలిండర్లు కూడా ఉంటాయి. ఒకదానికి బదులు మరొకటి తగిలించడం ప్రాణం తీసే పొరపాటు. నత్రజని ఎక్కించేటప్పుడు పీడనాన్ని తగ్గించే రెగ్యులేటరు తప్పక ఉండవలెను. పీడనంతో నిండిన సస్పెన్షన్ సిలిండరు మూతను గాని, వాల్వును గాని వదులు చేయరాదు. మూసిన గదిలో నత్రజనిని వదిలితే అది ఆక్సిజనును పలుచన చేసి, వాసనైనా తెలియకుండా మనిషిని స్పృహ తప్పించగలదు. వాయువు ఎంత మెత్తగా బరువును మోస్తుందో, నిర్లక్ష్యాన్ని అంత కఠినంగా శిక్షిస్తుంది.

మూల్యం ఎవరు చెల్లిస్తారు?

నాలుగు మూలలలో ఒక మూల సిలిండరు చతికిలబడితే, ఆ మూల మోయవలసిన బరువు దాని ఇరుపక్కల మూలలకు పోతుంది. చట్రం తడిగుడ్డవలె మెలితిరుగుతుంది. ఆ మెలిక రోజుకు వేలసార్లు జరుగుతూ, వోలర్ ఇరుసులలో చూచిన అలసటనే చట్రపు అతుకులలో పుట్టిస్తుంది. ఎక్కువ బరువు పడిన టైరు ముందుగా అరుగుతుంది. తొట్టిలోని సరుకును తూచడానికి సిలిండర్ల పీడనాన్నే ఆధారం చేసుకొన్న డంపర్లు 1980ల తరువాత వాడుకలోనికి వచ్చినవి. చెడిన సిలిండరు వాటిలో తప్పు తూకం కూడా ఇస్తుంది.

అన్నిటికంటె పెద్ద మూల్యం డ్రైవరుది. శరీరమంతటికీ నిలువుగా తగిలే అదురులో సెకనుకు నాలుగునుండి ఎనిమిదిసార్లు వచ్చే ఊగు మనిషికి అన్నిటికంటె దుర్భరమైనదని పరిశోధకులు గుర్తించారు. ఇటువంటి అదురును కొలిచే విధానంపై అంతర్జాతీయ ప్రమాణం 1974లో వెలువడినది. ఎనిమిది గంటల షిఫ్టు, ఏళ్ళ తరబడి ఉద్యోగం, నడుమునొప్పి రూపంలో లెక్క చెల్లుతుంది. చట్రం పగిలితే వెల్డింగు చేయవచ్చు. వెన్నుపూసకు అటువంటి మరమ్మతు లేదు. “బండి కొడుతున్నది” అని డ్రైవరు షిఫ్టు దిగి చెప్పినమాట అందుచేత ఫిర్యాదు కాదు. కంటికి కనబడని లోపాన్ని కొలతకంటె ముందుగా పట్టుకొన్న సమాచారం అది.

బాటను కూడా మరువరాదు. గ్రేడరుతో చదునుచేసిన, నీరు చల్లి దుమ్ము అణచిన, పడిన రాళ్ళను ఎప్పటికప్పుడు తొలగించిన బాట సిలిండరు పనిని సగం తగ్గిస్తుంది. ఎంత మంచి సిలిండరైనా చెడుబాటను మంచిబాటగా చేయలేదు.

హుక్ స్ప్రింగును కొలిచాడు. బాయిల్ వాయువును కొలిచాడు. వారి కొలతలనుండి పుట్టిన సూత్రాలే మూడు శతాబ్దాల తరువాత గనిడంపరు చక్రాలపైన ఒకచోట చేరినవి. వాటిని నేడు నిలబెట్టుతున్నది కూడా కొలతయే. చీకటితో షిఫ్టుకు వచ్చి, గుడ్డతో కడ్డీని తుడిచి, బద్దను ఆనించి, పుస్తకంలో నాలుగు అంకెలు వ్రాసే ఫిట్టరు చేసేది బాయిల్ తన గాజు గొట్టంవద్ద చేసిన పనియే. ఆ నాలుగు అంకెలు నిజమైనవిగా ఉన్నంతకాలం, డంపరు ఎక్కిన మనిషి వెన్ను నిటారుగా ఇంటికి చేరుతుంది.